ఎడమ సీటు

బొంజుబాబు గొప్ప పని చేశాడు. ఆ మాట చింతపల్లిలో డ్రైవర్లందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవాల్సిన ఒక్క మనిషి మాత్రం నోరు విప్పలేదు. అదీ అతని బాధ.

ఆ ఒక్క మనిషి సిలారు సాయిబు. నర్సీపట్నం రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని ముప్ఫయ్యేళ్లుగా బళ్లు బాగుచేస్తున్న మేస్త్రి. ఆయన నోట్లోంచి మాట రప్పించడం కన్నా తుప్పు పట్టిన నట్టు విప్పడం తేలిక. నట్టుకైతే కాస్త కిరసనాయిలు పోసి ఓ పూట ఆగితే చాలు. ఈయనకి టీ మీద టీ పోసినా 'చూద్దాం' అన్న మాట దాటి బయటికి రాదు.

బొంజుబాబు ఆయన దగ్గర ఎనిమిదేళ్లుగా శిష్యుడు. ఇరవై ఏడేళ్లొచ్చాయి. చేతిలో పనుంది. ఆ సంగతి చెయ్యి కంటే నోరు ముందు చెబుతుంది, అంతే తేడా. లంబసింగి దగ్గర సొంత షెడ్డుకి చోటు చూసుకున్నాడు. బోర్డు కూడా రాయించేశాడు. దాని మీద ఆర్టిస్టు వేసిన ఎర్రకారు ఏ దేశపుదో గాని, ఆ ఘాట్ రోడ్డు ఎక్కితే మొదటి మలుపులోనే దాని కడుపు నేలకి రాసుకుంటుంది.

ఇక మిగిలింది ఒక్కటే. ఆ పక్క షెడ్లలో ఒక ఆచారం ఉంది. శిష్యుడు వేరుపడి షెడ్డు తెరిచిన రోజున, మొదటి బండికి మొదటి నట్టు గురువు బిగించాలి. గురువు చెయ్యి పడని షెడ్డు గుమ్మం ఏ డ్రైవరూ తొక్కడు. ఆ మాట బొంజుబాబు రెండుసార్లు కదిపాడు. రెండుసార్లూ గురువుగారు 'చూద్దాం' అన్నారు.

సరిగ్గా అప్పుడే భానోజీరావు మాస్టారి కారు వచ్చింది.

మాస్టారు అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బొంజుబాబుకీ చెప్పారు. అవి బొంజుబాబుకి రాలేదనేది వేరే సంగతి. మాస్టారి భార్య వరహాలమ్మగారికి చాలా ఏళ్లుగా షుగరు. అది ముదిరి కిడ్నీల మీదికి వచ్చింది. సోమవారం, గురువారం ఘాట్ దిగి నర్సీపట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకుని రావాలి. కాళ్లలో స్పర్శ కూడా పోయింది. ఒకసారి సంతలో ఒక కాలి చెప్పు జారిపోతే తెలియక అలాగే ఇంటికి నడిచొచ్చేసింది. రెండో చెప్పేదని మాస్టారు అడిగితే, దానికి నాతో రావడం ఇష్టం లేనట్టుందండీ అందిట. ఆవిడ తన జబ్బు గురించి చెప్పినా పక్కవాళ్లకి నవ్వొచ్చేలా చెప్పేది. నవ్వేసి, తర్వాత వాళ్లే తల దించుకునేవారు.

పుష్యమాసం. ఆ కొండల మీద పొద్దున్న పదింటిదాకా మంచు విడదు. ఒంట్లో రక్తం లేని మనిషికి ఆ చలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కార్లో హీటర్ ఉండబట్టే ఆవిడ ప్రయాణం చేయగలుగుతోంది. ఆ హీటరే పాడైంది.

కారు డాష్‌బోర్డు లోపల హీటర్ కాయిల్ అని ఒకటుంటుంది. చిన్నపాటి రేడియేటర్ అనుకోండి. ఇంజన్లో కాగిన నీళ్లు ఒక పైపులో దాంట్లోకి వచ్చి, రెండో పైపులో వెనక్కి పోతాయి. దాని మీంచి గాలి వీస్తే కూర్చున్నవాళ్లకి వెచ్చగా ఉంటుంది. ఆ కాయిల్‌కి చిల్లు పడితే కాగే నీళ్లు రోడ్డు మీద కారవు, కారు లోపలికి కారతాయి.

సిలారు సాయిబు కారు తలుపు తీసి వాసన చూశాడు. ఇంజన్ నీళ్లలో కలిపే కూలెంటుది, బెల్లం పాకం మాడినట్టు తియ్యటి వాసన. ముందు అద్దం మీద లోపలి వైపు వేలితో గీశాడు. వేలికి జిడ్డు అంటింది. అప్పుడు ఆయన ఆ ఏడాదికల్లా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. కాయిల్ పోయింది, డాష్‌బోర్డంతా విప్పాలి, రెండ్రోజుల పని, నేను తునిలో పెళ్లికి వెళ్లి నాలుగు రోజుల్లో వస్తాను, అందాకా వేరే బండిలో వెళ్లండి అని.

గురువుగారు తుని బస్సెక్కారు. బొంజుబాబు పసుపు డబ్బా పట్టుకొచ్చాడు.

రేడియేటర్‌కి చిల్లు పడితే దాంట్లో పసుపు పోసుకోవడం లారీ డ్రైవర్ల పాత కిటుకు. పసుపు వేడి నీళ్లలో ఉబ్బి చిల్లుకి అడ్డం పడుతుంది. నడి అడవిలో ఆగిపోయిన బండి ఊరు చేరడానికి పనికొస్తుంది. ఊరు చేరాక పనికిరాదు. ఈ రెండో ముక్క బొంజుబాబుకి తెలియదని కాదు. తెలిసిన సంగతి గుర్తు రాకుండా ఉండడానికి మనిషికి కాస్త ఉత్సాహం చాలు.

అరగంటలో కారడం ఆగింది. మాస్టారు నోరు తెరిచి చూశారు. వరహాలమ్మగారు మాత్రం, ఆడవాళ్లకి పెట్టాల్సిన పసుపు బండికి పెట్టి పేరంటం చేశావేట్రా బొంజూ అని ఆట పట్టించింది. బొంజుబాబు ఇంకా హుషారెక్కి, ఆవిడ కాళ్లు పెట్టుకునే చోట మెత్తగా ఉంటుందని పాత రబ్బరు మ్యాట్ తీసేసి మందపాటి కొబ్బరిపీచు పట్టా కూడా పరిచి పంపించాడు.

రోజూ సాయంత్రం మాస్టారి ఇంటికెళ్లి కారు కింద న్యూస్ పేపరు పరిచేవాడు. పొద్దున్నే వెళ్లి తీసేవాడు. ఒక్క చుక్క తడి లేదు. నీళ్లు కాస్త తగ్గుతున్నాయి బొంజుబాబూ అని మాస్టారు అంటే, పాత బండి కదండీ, దానికీ దాహం వేస్తుంది అన్నాడు. అద్దం మసకేస్తోందంటే, మంచు కాలం కదండీ అన్నాడు. పట్టా కాస్త చెమ్మగా ఉందంటే, గడ్డి తొక్కుకుంటూ వచ్చి ఎక్కుతారు కదండీ అన్నాడు. ప్రతి ప్రశ్నకీ జవాబుంది. లెక్కల పరీక్షలో కూడా ఇలాగే అన్ని ప్రశ్నలకీ జవాబులు రాసేవాడు.

గురువుగారు తిరిగొచ్చారు. బొంజుబాబు పేపర్లన్నీ దొంతరగా పెట్టి ఆయన ముందుంచాడు. చూసుకోండి గురువుగారూ, డాష్‌బోర్డు మీద చెయ్యి వెయ్యకుండా చేశాను, ఒక్క చుక్క లేదు.

సిలారు సాయిబు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్కో పేపరూ వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత పాత వార్తలు చదువుకున్నాడు. మడత పెట్టి పక్కన పెట్టాడు. కాస్త ఆగి, "చూద్దాం" అన్నాడు.

బొంజుబాబుకి ఆ రోజు అన్నం సయించలేదు.

రెండు వారాలు గడిచాయి. గురువుగారు ఔననలేదు, కాదనలేదు. కారు సోమ, గురువారాలు కొండ దిగుతోంది, ఎక్కుతోంది. వరహాలమ్మగారు వెళ్లేటప్పుడు కబుర్లు చెబుతూ వెళ్తుంది. వచ్చేటప్పుడు ఓపికంతా అయిపోయి, ఉన్ని మేజోళ్లు తొడుక్కున్న కాళ్లు చాపుకుని నిద్రపోతూ వస్తుంది.

ఒక మంగళవారం పొద్దున్నే మాస్టారు ఒక్కరే కారు నడుపుకుంటూ షెడ్డుకి వచ్చారు. గడ్డం మాసి ఉంది. టైర్లలో గాలి చూడమన్నారు. ఇక రేపట్నించి రోజూ కిందికి వెళ్లాల్సి ఉంటుందేమో అన్నారు. ఎందుకని అడిగేవరకూ చెప్పలేదు.

ఆవిడ కాలు చెడింది. వేళ్లు బొబ్బలెక్కి, చితికి, ఇప్పుడు నల్లబడుతున్నాయి. మొదట షుగరు పుండే అనుకున్నారుట. నిన్న డాక్టరు కట్టు విప్పి చూసి, ఇది కాలిన గాయం, నిప్పు దగ్గర కాలు పెట్టారా అని అడిగాడు. రెండు వేళ్లు తీసెయ్యాలేమో, అక్కడితో ఆగితే అదృష్టం అన్నాడు.

మాస్టారు బల్ల మీద కూర్చున్నారు. కూర్చున్నాక కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నారు.

"చలికి ఓర్చుకోలేకపోతోందని మంచం పక్కన కుంపటి పెట్టేవాడినయ్యా. నిద్రలో కాలు జారి దానికి తగిలి ఉంటుంది. తనకి తెలీదు. పక్కనే పడుకున్న నాకు తెలియాలి కదా."

బొంజుబాబు ఆయన పక్కన కూర్చుని ఓదార్చాడు. మీరేం చేస్తారు మాస్టారూ, షుగరు అలాంటిది అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కుంపటి అప్పుడే బోర్లించేశాననీ, ఇక ఇంట్లో నిప్పన్నది వంటింట్లో తప్ప పెట్టననీ, రాత్రిళ్లు మూడు కంబళ్లు కప్పినా ఆవిడ వణుకుతూనే ఉందనీ మాస్టారు చెప్పుకుపోయారు.

సిలారు సాయిబు చేతిలో పని ఆపేసి వింటున్నాడు.

"ఏ కాలండీ?" అన్నాడు.

"ఎడమ కాలు. వేళ్ల దగ్గర."

సాయిబు కారు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బండి ఈ పూటకి ఇక్కడ ఉంచెయ్యండి అని మాస్టారిని ఆటో ఎక్కించాడు.

ఆటో మలుపు తిరిగాక బొంజుబాబు దగ్గరికొచ్చాడు. తన కాళ్ల మేజోళ్లు విప్పి అతని చేతికిచ్చాడు.

"బూట్లు తీసి ఇవి తొడుక్కో. ఎక్కు."

బొంజుబాబు అలవాటుగా డ్రైవరు తలుపు వైపు వెళ్లాడు. గురువు తల అడ్డంగా ఊపి, ఎడమ తలుపు చూపించాడు.

ఎనిమిదేళ్లలో బొంజుబాబు ఆ కారు కింద పడుకున్నాడు, బానెట్‌లోకి నడుము దాకా దూరాడు, స్టీరింగు పట్టుకుని ఎన్నిసార్లు పరీక్షించాడో లెక్కలేదు. ఎడమ సీట్లో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. మెకానిక్కుకి అక్కడ పనేముంటుంది? ముందు స్టీరింగు లేదు, కాళ్ల కింద బ్రేకు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడమే.

గురువు హీటర్ పెట్టి బండి కదిలించాడు. లంబసింగి దాటి ఘాట్ దిగారు. దిగేటప్పుడు అంతా బాగానే ఉంది. వెచ్చగా గాలి వస్తోంది, కాళ్ల కింద పట్టా మెత్తగా ఉంది. బొంజుబాబుకి ధైర్యం వచ్చి మాటలు మొదలుపెట్టాడు. గురువుగారు చివరికి తన పని పరీక్షించడానికే బయల్దేరారనుకున్నాడు. బండి శుభ్రంగా పైకెక్కితే ఈ రోజే ఔనంటారు అనుకున్నాడు. తన షెడ్డులో నేల ఎలా వేయిస్తాడో, నీళ్ల కుళాయి ఎక్కడ పెట్టిస్తాడో అన్నీ చెప్పాడు. ఏ గోడకి ఏ పానాలు తగిలిస్తాడో కూడా చెప్పాడు. గురువుగారు రోడ్డు చూస్తూ నడిపారు.

కొండ కింద టీ కొట్టు దగ్గర బండి వెనక్కి తిప్పారు. టీ తాగలేదు.

ఎక్కడం మొదలైంది. ఇంజన్ గొంతు మారింది. నాలుగు మలుపులు దాటేసరికి ముందు అద్దం మీద సన్నటి పొర వచ్చింది. గురువు గుడ్డతో తుడిచాడు. మళ్లీ వచ్చింది. లోపల బెల్లం పాకం వాసన మెల్లగా లేచింది. బొంజుబాబు మాట్లాడడం తగ్గించాడు. మరో రెండు మలుపులకి పూర్తిగా ఆపేశాడు.

చుక్క పడింది.

ఎడమ కాలి వేళ్ల మీద. ఉన్ని దాన్ని పీల్చుకుని చర్మానికి అతుక్కుంది. బొంజుబాబు చురుక్కుమని కాలు పైకి లాక్కున్నాడు.

"దించు," అన్నాడు గురువు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

దించాడు. మలుపు తిరిగింది. ఇంజన్ గట్టిగా ఊపిరి తీసింది. ఈసారి రెండు చుక్కలు ఒకదాని వెనక ఒకటి. మళ్లీ కాలు లేచింది.

"దించు."

దించాడు. పళ్లు బిగపట్టుకున్నాడు. కింద పట్టా అప్పటికే నీళ్లు తాగి వేడెక్కిపోయి ఉంది. కాలు ఎటు జరిపినా అదే సెగ. ఆ పట్టా పరిచింది తనే. మూడోసారి చుక్క పడగానే రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని ముడుచుకు కూర్చున్నాడు. గురువు దించమన్నా ఇక దించలేడు.

గురువు దించమనలేదు. బండి పక్కకి తీసి ఆపాడు. చుట్టూ మంచు. కింద లోయ ఉందో లేదో తెలియనంత తెల్లగా ఉంది.

"ఆమె ఎత్తలేదురా," అన్నాడు.

బొంజుబాబు తడిసిన మేజోడు వైపు చూశాడు. రెండు వారాలకి పైగా, వారానికి రెండుసార్లు, ఈ కొండ ఎక్కినంతసేపూ ఆవిడ ఇక్కడే కళ్లు మూసుకుని కూర్చుంది. అతనికి కనిపిస్తున్నది అదే. బొబ్బలెక్కిన కాలు కూడా కాదు, కళ్లు మూసుకుని, మెత్తటి పట్టా మీద నిశ్చింతగా చాపుకున్న ఆ రెండు కాళ్లు.

సిలారు సాయిబు దిగి ఇటువైపు వచ్చాడు. ఎడమ తలుపు తీశాడు.

"దిగు. నువ్వు నడుపు."

బొంజుబాబు దిగాడు. గురువు చెప్పులు విడిచి, ఎడమ సీట్లో కూర్చుని, వట్టి కాళ్లు ఆ పట్టా మీద పెట్టాడు. వద్దు గురువుగారూ అన్నాడు బొంజుబాబు. ఆయన ముందుకి చూస్తూ కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

ఆ మిగిలిన కొండ ఎలా నడిపాడో బొంజుబాబుకి తర్వాత ఎప్పుడూ సరిగ్గా గుర్తు రాలేదు. గట్టిగా తొక్కితే ఇంజన్ కాగి చుక్కలు ఎక్కువ పడతాయి. నెమ్మదిగా పోతే ఎక్కువసేపు పడతాయి. ఎంత వేగంతో నడపాలో తెలియని డ్రైవరు ఆ రోడ్డు మీద అతనే మొదటివాడేమో. పక్కకి చూడకూడదనుకున్నాడు. చూస్తూనే ఉన్నాడు. ఒక్కో మలుపులో గురువుగారి దవడ బిగుసుకునేది. కాలు మాత్రం లేవలేదు.

మూడో మలుపు దగ్గర బ్రేకు తొక్కేశాడు.

"మీరెందుకు గురువుగారూ? తప్పు నాది కదా."

"పేపర్లు చదివి నేనూ ఊరుకున్నానుగా," అన్నాడు సిలారు సాయిబు.

బొంజుబాబు దిగి బానెట్ ఎత్తాడు. హీటర్‌లోకి పోయే పైపు, హీటర్‌లోంచి వచ్చే పైపు, రెండూ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. రెండింటినీ ఊడదీసి ఒకదానికొకటి కలిపేస్తే నీళ్లు కాయిల్‌లోకి పోకుండా ఇంజన్లోకే తిరిగి పోతాయి. హీటర్ పనిచెయ్యదు. కారదు కూడా. చేతులకి గుడ్డ చుట్టుకుని, ఆవిరి మొహాన కొడుతుంటే, రోడ్డు పక్క నిలబడి ఆ పని చేశాడు. పది నిమిషాలు పట్టింది.

ఆ పది నిమిషాల పని అతనికి మొదటి రోజూ తెలుసు. కాళ్ల మీద ఒక కంబళి కప్పుకోండమ్మా, హీటర్ లేదు అని చెప్పి ఉంటే సరిపోయేది. హీటర్ లేదు అని చెప్పడం ఏం గొప్ప?

మర్నాడూ, ఆ మర్నాడూ బొంజుబాబు డాష్‌బోర్డు విప్పాడు. స్క్రూలు వరసగా డబ్బా మూతల్లో పెట్టుకుంటూ, వైర్లకి గుర్తులు కట్టుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా. వచ్చిన డ్రైవర్లు పసుపు వైద్యుడు అని పిలిచి వేళాకోళం చేయబోయారు. అతని మొహం చూసి టీ తాగి వెళ్లిపోయారు. కాయిల్ బయటికి తీసి బోర్లిస్తే పచ్చటి బురద జారింది. సగం గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. మిగతా సగంలో, అంచున సూది మొనంత చిల్లు. అంతే.

గురువుగారు కాలికి గుడ్డ చుట్టుకుని తన పని తాను చేసుకుంటున్నారు. రెండు రోజులూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బొంజుబాబుకి ఎంతో బాగుండేది.

కొత్త కాయిల్ బిగించి, డాష్‌బోర్డు మూసేసరికి గురువారం మధ్యాహ్నం దాటింది. మాస్టారు రెండు రోజులూ భార్యని జీపులో కిందికి తీసుకెళ్లి తీసుకొచ్చారని తెలిసింది. వేళ్లు తీసేశారట. ప్రస్తుతానికి రెండే.

బొంజుబాబు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. గురువుగారి ముందు నిలబడ్డాడు.

మూడు రోజులుగా లోపల తిరుగుతున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. బండి బాగైపోయింది. పోయిన వేళ్లు ఇక రావు. డాక్టరుకి తెలియదు, మాస్టారికి తెలియదు, ఆవిడకి తెలియదు. చెబితే ఆయన గుండె ఇంకోసారి పగులుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. తన షెడ్డు సరే, దాని సంగతి వదిలేసినా, ఈ చుట్టుపక్కల తన చేతికి ఇంకెవరూ బండి ఇవ్వరు. పసుపు పోసి ఒక మనిషి కాలు కాల్చినవాడని జీవితాంతం చెప్పుకుంటారు.

"ఇప్పుడు చెప్పి ఏం లాభం గురువుగారూ?"

సిలారు సాయిబు ఒక పానా తుడుస్తున్నాడు. తుడవడం ఆపి తలెత్తాడు.

"ఆ ఇంట్లో ఆమెకి చలేస్తోందిరా."

మళ్లీ పానా తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

బొంజుబాబు కారు తాళాలు తీసుకున్నాడు.

మాస్టారి ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం ఎండ పోయి, మంచు అప్పుడే వీధి చివర నుంచి దిగుతోంది. ముందు గదిలో మంచం మీద వరహాలమ్మగారు కంబళ్ల కింద చిన్న మూటలా ఉంది. ఎడమ కాలు దిండు మీద, తెల్ల కట్టుతో, కంబళ్ల బయటికి ఉంది. పళ్లు టకటకమంటున్నాయి. మాస్టారు ఆవిడ అరచేతులు తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతున్నారు.

బొంజుబాబు కాలు ఈడుస్తూ రావడం ఆవిడే ముందు చూసింది.

"ఏరా బొంజూ, నువ్వూ కుంటుతున్నావేటి? రా, ఇద్దరం పరుగు పందెం పెట్టుకుందాం."

ఎప్పుడైనా అయితే బొంజుబాబు దానికి తగ్గ జవాబు విసిరేవాడు. మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. మాస్టారి మొహంలోకి చూడాలని ప్రయత్నించి, చూడలేక, ఆవిడ కట్టు వైపు చూశాడు.

"మాస్టారూ, అది కుంపటి వల్ల కాదండీ," అన్నాడు.

చెప్పాడు. పసుపు సంగతి, పట్టా సంగతి, గురువుగారు వేరే బండిలో వెళ్లమన్న సంగతి, ఆయన అడిగినప్పుడల్లా తను ఇచ్చిన జవాబుల సంగతి. పది నిమిషాల పని సంగతి కూడా. దేన్నీ చిన్నది చెయ్యలేదు. ఏడవలేదు. ఏడిస్తే వాళ్లు తనని ఓదార్చాల్సి వస్తుందని ఏడవలేదు.

అయిపోయాక వరహాలమ్మగారు పైకప్పు చూస్తూ పడుకుంది. ఏదో తమాషా మాట అనబోతున్నట్టు పెదవులు కదిలాయి. అనలేదు.

మాస్టారు ఆవిడ చేతులు మెల్లగా కంబళి కింద పెట్టారు. లేచారు. బొంజుబాబు వైపు చూడకుండా అతని పక్కనుంచే నడిచి పెరట్లోకి వెళ్లారు. ఇనుము రాయి మీద ఈడ్చిన చప్పుడైంది. కాసేపటికి బొగ్గుల పొగ వాసన వచ్చింది.

కుంపటి రెండు చేతులతో పట్టుకుని తిరిగొచ్చారు. మంచానికి కాస్త దూరంలో దించారు. కట్టు ఉన్న కాలు అటువైపు రాకుండా దిండు సర్ది, తను మధ్యలో కూర్చున్నారు.

బొంజుబాబుని ఎవరూ వెళ్లమనలేదు, ఉండమనలేదు. అతను లేచి, గుమ్మంలోంచి మంచు గాలి కొడుతోందని తలుపు దగ్గరికి వేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

సెగ మంచం దాకా చేరడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తర్వాత ఆవిడ పళ్ల చప్పుడు ఆగింది.